సేత్తూరు దారి వంపులు

సర్వే ఆఫ్ ఇండియా వారి పాత మైలుకు అంగుళం పటాల్లో తమిళనాటి సేత్తూరు ఒక కాగితం అంచున ఉంటుంది. 77 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం దగ్గర ఒక పలక అయిపోయి ఇంకొకటి మొదలవుతుంది. ఆ గీతకు తూర్పున రాజపాళయం, పడమటగా కాస్త దిగువన సేత్తూరు. బస్సెక్కితే పావుగంట ప్రయాణం. పటంలో మాత్రం దానికి రెండు కాగితాలు కావాలి: 58 జి/11, 58 జి/7. రాజపాళయం నుంచి నైరుతిగా దిగివచ్చిన ఎర్రగీత కాగితం చివర ఠక్కున ఆగుతుంది. పక్క పలక తెచ్చి, అంచులు కలిపి, రెండు ఎర్రగీతల కొసలు సరిగ్గా ముట్టుకునేలా జరిపితే తప్ప సేత్తూరు చేరలేం. ఇంకాస్త పైకి, ఇంకాస్త కిందికి పోదామంటే మరో రెండు పలకలు వెతుక్కోవాలి. శ్రీవిల్లిపుత్తూరు జి/10లో పడింది, వాసుదేవనల్లూరు జి/8లో పడింది. మదురై నుంచి తెంకాశి మీదుగా కొల్లం పోయే దారిలో అరవై కిలోమీటర్లయినా లేని ఈ ముక్క నాలుగు కాగితాల మీద పరుచుకుంది. అతుకు సరిగ్గా కుదిరిన క్షణంలో కలిగే ఆనందం ఇంతింత కాదు. పద్యంలో యతి పడిన చోట చెవికి కలిగే తృప్తి లాంటిది కంటికి కలుగుతుంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సర్వేవాళ్లు పటాలను రంగుల్లో అచ్చువేయడం మొదలుపెట్టారు. నీరు నీలం, అడవి ఆకుపచ్చ, సాగునేల పసుపు, కొండల ఎత్తుగీతలు గోధుమ, పక్కారోడ్డు ఎరుపు. ఆ ఐదు రంగులూ ఒకదాన్నొకటి ఒరుసుకునే చోటే సేత్తూరు ఉంది. పలకకు పడమటి భాగమంతా పడమటి కనుమలు. ఎత్తుగీతలు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూచుని, కాగితం ముడతలు పడిందా అనిపిస్తుంది. తూర్పున ఎత్తుగీతలు పలచబడి, విడివిడిగా జరిగి, చివరకు కనిపించకుండా పోతాయి. అక్కడ పసుపు నేల, దానిమీద చెరువుల నీలి మరకలు. ఈ రెండు లోకాల నడుమ, కొండ పాదానికి ఒదిగి, కొండను అంటీ అంటకుండా, ఎర్రగీత దక్షిణానికి సాగిపోతుంది.

దారి అక్కడే ఎందుకు నడిచిందో ఊహించడం కష్టం కాదు. ఇంకా పడమటికి జరిగితే కొండవాగుల దూకుడు, గులకరాళ్లు. ఇంకా తూర్పుకు జరిగితే నల్లరేగడి. తమిళులు కరిసల్ అనే ఆ నేల ఎండాకాలంలో నెర్రెలిచ్చి, నాలుగు వానలు పడగానే బండి చక్రాన్ని ఇరుసు దాకా మింగేస్తుంది. రెంటికీ నడుమ గట్టినేల ఒక పట్టీలా ఉంది. ఎద్దుల కాళ్లకు, మనుషుల కాళ్లకు ఆ పట్టీ ఎప్పుడో తెలుసు. నీళ్లన్నీ కొండ దిగి పడమటి నుంచి తూర్పుకు పారతాయి. దారేమో ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. నేత ఊళ్ల మధ్య పుట్టిన దారి కాబట్టి చెబుతున్నాను, వాగులు పేక అయితే ఈ దారి ఒంటి పడుగుపోగు. ఆ పోగు ఒక్కో వాగును దాటిన ప్రతిచోటా ఒక కథ ఉంటుంది: ఒకచోట చప్టా, ఒకచోట రాతి కమాను కల్వర్టు, ఇంకోచోట కొత్త కాంక్రీటు వంతెన, దాని పక్కనే తుప్పల్లో మునిగిన పాత వంతెన గోడ.

రోడ్డు గురించి రసవిమర్శ ఏమిటని అడగవచ్చు. కుంతకుడు కావ్యానికి జీవం వక్రోక్తి అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పే మాటను భామహుడు అంతకుముందే వార్త అని పక్కన పెట్టాడు. ఊరి బయటనుంచి బాణంలా దూసుకుపోయే బైపాసు వార్త. ఇక్కడినుంచి అక్కడికి ఇంత దూరం, ఇంతసేపు అని చెప్పి ఊరుకుంటుంది. పాత దారి అలా కాదు, చెరువు కట్ట ఎదురైతే దానిమీదకెక్కి కట్టతో పాటు వంగుతుంది. గుడి ఎదురైతే రథవీధిని చుట్టి పోతుంది. వాగు ఎదురైతే తిన్నగా దిగిపోకుండా, గట్టి రాతినేల దొరికేదాకా ఒడ్డు వెంబడి పైకి నడిచి, దాటి, మళ్లీ తన వరసలోకి వస్తుంది. పటం మీద ఈ వంపులు చూస్తూ, ఇక్కడెందుకు తిరిగింది అని ప్రశ్నించుకుని, జవాబు కనిపెట్టిన వాడికి పద్యంలో ధ్వని తట్టిన సహృదయుడి ఆనందమే దొరుకుతుంది. అన్ని వంపులనూ మెచ్చుకోమని మాత్రం అనను. కొన్ని వంకరలు ఎవరి పొలం గట్టు తగాదాలోనో పుట్టినవి. కారణం ఏదైనా, అది నేల చెప్పినదై ఉండాలి. ఊరికే మెలికలు తిరిగిన దారి ఊరికే మెలికలు తిరిగిన కవిత్వం లాంటిదే, విసుగు తెప్పిస్తుంది.

సేత్తూరు నుంచి కిందికి ఈ దారి మీద ఉన్న ఊళ్లను వరసగా చదవండి: సేత్తూరు, శివగిరి, వాసుదేవనల్లూరు. అవి వట్టి ఊళ్లు కావు, ఒకప్పటి పాళయాలు. కొండపాదం వెంట వరసగా కోటలు కట్టుకున్న మరవ పాళయగాళ్ల కేంద్రాలు. 1750లలో వారిలో ఒకడైన పులిదేవర్ ఆర్కాటు నవాబుకూ కంపెనీకీ ఎదురు నిలిచినప్పుడు పడమటి పాళయాలు చాలావరకు ఆయన వెనక కూడాయి. 1799, 1801 యుద్ధాలయ్యాక కంపెనీ కోటలను పడగొట్టించి, మిగిలినవారిని జమీందార్లను చేసింది. సేత్తూరు అలా జమీను అయింది. కాబట్టి పటంలో ఎర్రగీత ఒక కోటగుమ్మం నుంచి ఇంకో కోటగుమ్మానికి నడిచిన గీత. కోటలు పోయాయి, గుమ్మాలు పోయాయి. గుమ్మం దాకా వచ్చి తల వంచిన దారి మాత్రం ఆ వంపును మరిచిపోలేదు. తర్వాత వచ్చిన ఇంజనీరు దానిమీద కంకర పోశాడు, ఆ తర్వాత వచ్చినవాడు తారు పోశాడు. ఎవరికీ వంపు తీసేయాలని తోచలేదో, తోచినా డబ్బు చాలలేదో, మొత్తానికి ఒక పాళయగాడి మర్యాద ఇవాళ్టి బస్సు స్టీరింగుకు కూడా తెలుస్తుంది.

ఉత్తరాన ఈ దారి ఇంకో గుణం పుంజుకుంటుంది. రాజపాళయానికి పన్నెండు కిలోమీటర్ల లోపే శ్రీవిల్లిపుత్తూరు. తెలుగువాడికి ఆ ఊరు చూడకముందే పరిచయం, కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదను అక్కడే నిలబెట్టాడు కదా. విష్ణుచిత్తుడు స్వామి ఆజ్ఞ కాదనలేక విల్లిపుత్తూరు నుంచి మధురకు బయలుదేరతాడు. అదే మన రోడ్డు ఉత్తరార్ధం. దారిన పోయే వైష్ణవులకు ఆయన ఇంట్లో జరిగే సంతర్పణను రాయలు ఎంత ఇష్టంగా వర్ణించాడు! వానాకాలంలో కట్టెలు తడిసిపోతే టెంకాయ చిప్పలు మండించి వండారన్న చిన్న వివరం ఒక్కటి చాలు, రాయలకు బాటసారి ఆకలి, వంటింటి పొగ రెండూ తెలుసనడానికి. దారి తప్పడమంటే ఏమిటో కూడా ఆయనకు తెలుసు. మాలదాసరి వేకువ అయిందనుకుని అర్ధరాత్రే కురుంగుడి గుడికి బయలుదేరి, దారి తప్పి, మర్రిచెట్టు కింద బ్రహ్మరాక్షసుడి చేతిలో పడతాడు. ఆ ఘట్టంలోని భయానకమంతా చెరిగిపోయిన ఒక కాలిబాట నుంచి పుట్టింది. పాత దారులు వెతికేవాళ్లకు అది కులగ్రంథం కావలసిన ఘట్టం.

ఇక గంట మంటపాలు. తిరుమలనాయకుడు ఆండాళ్ గుడిలో మధ్యాహ్న పూజ అయితే గాని మదురైలో భోజనానికి కూచునేవాడు కాదనీ, ఆ సంగతి తెలియడానికి విల్లిపుత్తూరు నుంచి మదురై దాకా దారి పొడుగునా మంటపాలు కట్టించి, ఒక గంట మోత విని ఇంకొకరు గంట కొట్టేలా ఏర్పాటు చేశాడనీ ఆ ప్రాంతమంతా చెప్పుకుంటారు. కథను నమ్మాలా అన్నది వేరే సంగతి. పదిహేడో శతాబ్దపు నాయకరాజు ఆకలికి సాక్ష్యం ఎవరు తెస్తారు? పాత రోడ్డు వెతికేవాడికి ఆ కథతో పని వేరు. అలాంటి రాతి మంటపాలు కొన్ని ఇంకా రోడ్డు పక్కన నిలిచి ఉన్నాయి. మంటపం ఎప్పుడూ దారి అంచునే కడతారు. ఇవాళ్టి తారుకు ఆమడ దూరాన, పొలం మధ్య, ఎటు చూసినా దారి లేని చోట మంటపం నిలబడి ఉంటే, కదిలింది మంటపం కాదు, దారి! రెండు మంటపాలను కలుపుతూ పటం మీద పెన్సిలు గీత గీసి, నేటి ఎర్రగీత దానికి ఎంత ఎడంగా జరిగిందో చూడడంలో ఒక అద్భుతరసం ఉంది. వినబడని గంట మోతతో రోడ్డును కొలుస్తున్నామన్నమాట.

మదురై నాయకులు తెలుగువాళ్లు. దారులు వేయించిన పేరు ఆ వంశంలో రాణి మంగమ్మకు దక్కింది. పదిహేడో శతాబ్దం చివరి దశకంలో మనవడి తరఫున రాజ్యం చేసిన ఆవిడ సత్రాలు, సాలుచెట్ల బాటలు వేయించింది. మదురై నుంచి తెంకాశి దాకా ఇప్పటికీ కొన్ని ఊళ్లలో వీధుల పేర్లు మంగమ్మాళ్ సాలై అనే ఉన్నాయి. రాజపాళయంలోని రాజు కులస్థుల పూర్వులూ తెలుగునేల నుంచి నడుచుకుంటూ దక్షిణానికి వచ్చినవాళ్లే. ఆ ఇళ్లలో తెలుగు ఇప్పటికీ మాట్లాడతారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ అలాంటి వలసనే గోపల్ల గ్రామం నవలగా రాశాడు, తమిళంలో, 1976లో. ఉత్తరం నుంచి దిగిన ఆ కాళ్లు వేసిన దారికి పటం లేదు. ఇళ్లలో చెప్పుకునే కథలే ఉన్నాయి.

పటాలు ఎప్పుడు మొదలయ్యాయో కూడా చూడాలి. 1794లో మద్రాసు వేధశాల దగ్గర సర్వే నేర్పే బడి పెట్టారు. అందులో చేరినవాళ్లు చాలామంది చిన్నపిల్లలు. ఆ పిల్లలు గొలుసులు, చక్రాలు పట్టుకుని దక్షిణదేశపు దారుల వెంట నడిచారు. 1802లో సర్వే అధికారి లాంబ్టన్ మద్రాసు దగ్గర ఆధారరేఖ కొలిచి త్రిభుజాల సర్వే మొదలుపెట్టాడు. కొండలు లేని మైదానంలో గోపురాలే అతనికి కొండలయ్యాయి. 1808లో తంజావూరు గుడి మీదికి అరటన్ను బరువున్న థియొడొలైటును ఎత్తుతుండగా తాడు జారి గోపురానికి కొట్టుకుని దెబ్బతింది. దాన్ని విప్పి, ఆరువారాల పాటు తనే కూర్చుని సరిచేసుకున్నాడంటారు. ఆ త్రిభుజాల ఆధారంగా 1822లో ఏరోస్మిత్ కృష్ణానది నుంచి కన్యాకుమారి దాకా దక్షిణదేశపు అట్లాసు లండన్‌లో అచ్చేశాడు. తర్వాత నాలుగు మైళ్లకు అంగుళం చొప్పున ఇండియన్ అట్లాసు, ఆపైన మైలుకు అంగుళం పలకలు, 1950లలో అమెరికా సైన్యం వాటినుంచి కూర్చిన యు502 శ్రేణి. ఈ చివరివి టెక్సాస్ విశ్వవిద్యాలయం గ్రంథాలయం పుణ్యమా అని ఇంట్లో కూచున్నవాడికి కూడా దొరుకుతాయి.

వీటిని పక్కపక్కన పరిచినవాడికి తాళపత్ర ప్రతులు సరిపోల్చే పండితుడి కష్టసుఖాలన్నీ తెలుస్తాయి. ఒక పటంలో దారి చెరువుకు ఇటువైపు, ఇంకోదానిలో అటువైపు. లేఖకుడి దోషమా? చెరువు పెరిగిందా? దారే జరిగిందా? ఒకడు చేసిన తప్పును తర్వాతివాడు భక్తిగా ఎక్కించుకోవడం పటాల్లోనూ ఉంది, ప్రతుల్లోనూ ఉంది. అందుకే కాలంలో పాతదైనంత మాత్రాన ఏ పటమూ మూలప్రతి కాదు. స్వయంగా నడిచి కొలిచినవాడి పటం కొత్తదైనా సరే, ముందు దాన్ని నమ్మాలి. అసలు దారి అంటూ ఒకటుందన్న నమ్మకం కూడా ఈ పనిలో మెల్లగా సడలుతుంది. వానాకాలపు దారి వేరు, ఎండాకాలపు దారి వేరు. సంత రోజున బండ్లు పోయే దారి వేరు, పెళ్లి పల్లకీ పోయే దారి వేరు. వాటన్నిటిలో ఒకదాన్ని పట్టుకుని సర్వేవాడు ఎరుపు పూశాడు. అంతే, పాఠం స్థిరపడిపోయింది.

ఆ స్థిరపడిన పాఠాన్నే మోటారు చదువుకుంది. ఈ సంగతి నాకు భలే ముచ్చటగా ఉంటుంది. టి. వి. సుందరం అయ్యంగార్ 1911-12 ప్రాంతంలో మదురై కేంద్రంగా బస్సులు నడపడం మొదలుపెట్టినప్పుడు దక్షిణాన మోటారు కోసమని ఎవరూ రోడ్లు వేసి ఉంచలేదు. ఎద్దుబండి దారే మోటారు దారి. రైలు మాత్రం తన దారి తనే వేసుకుంది. 1927లో విరుదునగర్ నుంచి తెంకాశికి రైలు పడినప్పుడు రాజపాళయం దాకా రోడ్డుకు తోడుగా వచ్చి, అక్కడ నేరుగా దక్షిణానికి తిరిగి శంకరన్‌కోవిల్ వైపు పోయింది. సేత్తూరు, శివగిరి, వాసుదేవనల్లూరు, పుళియంగుడి, కొండపాదం ఊళ్లన్నీ పట్టాలకు దూరంగా ఉండిపోయాయి. ఆ ఊళ్లకు మోటారే గతి అయింది. పటంలో చూడండి, రాజపాళయం దగ్గర నల్లటి రైలుగీత, ఎర్రటి రోడ్డుగీత విడిపోతాయి, మళ్లీ కడయనల్లూరు ప్రాంతంలో గాని దగ్గరకు రావు. ఆ రెండు గీతల మధ్య మిగిలిన ఆకుసన్నపు జాగాలో బస్సుల చరిత్రంతా ఉంది. పుళియంగుడి నిమ్మకాయల బుట్టలు, రాజపాళయం మామిడిపళ్లు, పత్తి బేళ్లు, 1936లో పి.ఎ.సి. రామస్వామిరాజా స్థాపించిన రాజపాళయం మిల్లుకు షిఫ్టు దిగే, షిఫ్టు ఎక్కే కూలీలు, అన్నీ అందరూ ఈ గీత మీదే తిరిగారు.

ప్రభుత్వం తర్వాత మేలుకుంది. 1927లో వేసిన జయకర్ కమిటీ రోడ్ల భారం జిల్లా బోర్డులు ఒక్కటే మోయలేవని చెప్పింది. 1929లో పెట్రోలు మీద సుంకంతో రోడ్ల నిధి పుట్టింది. 1931 మోటారు పన్ను చట్టంతో మద్రాసు రాజధానిలో బండ్ల దగ్గర సుంకం పట్టే పాత టోల్‌గేట్లు పోయాయి. ఆ గేట్లు మళ్లీ ఎంత పెద్ద కప్పుల కింద తిరిగివచ్చాయో చెప్పనక్కర్లేదు. రోడ్డుకు 208 అనే జాతీయ సంఖ్య ఇచ్చారు, 2010లో సంఖ్యలన్నీ మార్చినప్పుడు అది 744 అయింది. సంఖ్యల్లో రసం లేదు కనుక ఇంతటితో వదిలేస్తాను.

అమెరికావాళ్లు ఈ విషయంలో మనకంటే అదృష్టవంతులనిపిస్తుంది ఒక్కోసారి. వాళ్ల లింకన్ హైవేకు జన్మదినం ఉంది: 1913 అక్టోబరు 31. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో లింకన్ పార్కు దాకా 3,389 మైళ్లు. ప్రకటించిన మరునాటి నుంచే దారి మారుతూ వచ్చింది. 1928లో బాయ్ స్కౌట్లు ఒకే రోజున సుమారు 3,000 కాంక్రీటు స్తంభాలు దారి పొడుగునా పాతారు. ఇవాళ ఆ స్తంభాలు, పాత గైడ్లు పట్టుకుని మొదటి గీత ఏది, రెండో గీత ఏది అని వెతికేవాళ్లు అక్కడ ఎందరో ఉన్నారు. వాళ్ల పని శ్రద్ధగానే ఉంటుంది, నేను కాదనను. కానీ వాళ్ల దారికి మోటారే పుట్టుక. దాని వంపుల్లో మోటారు కథ తప్ప ఇంకొకటి అరుదుగా వినిపిస్తుంది. సేత్తూరు దారికి మోటారు నిన్నగాక మొన్న వచ్చిన కోడలు. అత్తగారు నడిచిన నడకంతా ఆమె నేర్చుకోవలసి వచ్చింది.

పాత దారిని నేలమీద గుర్తుపట్టడానికి మైలురాళ్ల కన్నా నమ్మకమైన గుర్తులున్నాయి. మైలురాళ్లను పీకుతారు, పెడతారు. 1960ల నాటికి మైళ్లు పోయి కిలోమీటర్లు రావడంతో పాత రాళ్లు అనాథలయ్యాయి. పటంలో ముద్రించిన మైలు అంకెలు, రోడ్డు మీది కిలోమీటరు రాళ్లు ఒకదాని మాట ఒకటి వినవు. చింతచెట్లు నయం. జిల్లా బోర్డుల కాలంలో సాలుచెట్ల కాపును వేలం వేసేవారు కాబట్టి వాటిని నరకడానికి ఎవరికీ చెయ్యాడేది కాదు. పొలాల మధ్య రెండు వరసల్లో చింతలు కనబడి, మధ్యలో రోడ్డు లేదంటే, ఒకప్పుడు ఉందన్నమాటే.

అన్నిటికన్నా కరుణ ఇంకో గుర్తులో ఉంది. తమిళదేశపు పాత బాటల పక్కన మనిషి భుజమంత ఎత్తున రెండు నిలువురాళ్లు, వాటిమీద అడ్డంగా ఒక రాయి ఉంటుంది. తలమీద మూట ఉన్న బాటసారి ఎవరి సాయమూ లేకుండా మూటను ఆ అడ్డరాయి మీదికి దించుకుని, కాసేపు ఊపిరి పీల్చుకుని, మళ్లీ తలకెత్తుకోవడానికి. సుమైతాంగి అంటారు. కడుపుతో ఉండి కాన్పు కాకుండానే చనిపోయిన ఆడదాని పేరు మీద ఇంటివాళ్లు దాన్ని నిలబెట్టించడం ఆచారం. ఆమె దించుకోలేకపోయిన భారాన్ని దారిన పోయేవాళ్లయినా దించుకోనీ అని. ఇంతకన్నా నిండుగా కరుణరసాన్ని రాయితో చెప్పిన శిల్పి ఏ గుడిలో ఉన్నాడు? అక్షరం లేదు, బొమ్మ లేదు. మూడు రాళ్లు, ఒక ఎత్తు. ఆ ఎత్తు మనిషి మెడ నొప్పిని బట్టి నిర్ణయమైంది. మోటారు దానికి పని లేకుండా చేసింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా కొన్ని పోయాయి. అయినా పాత దారికి అంతకు మించిన సాక్షి దొరకడు. మంటపాన్ని రాజు తన గొప్ప కోసం కట్టించి ఉండవచ్చు, సుమైతాంగి మాత్రం తలబరువులు నిజంగా నడిచిన చోటే ఉంటుంది.

పటం లేని చోట మాట పటమవుతుందని ఏనుగుల వీరాస్వామయ్య నిరూపించాడు. 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఆయన ప్రతి మజిలీనీ రాసుకున్నాడు. ఊరు ఎన్ని ఆమడలు, దారి ఇసకా రాయా, వాగులో నీళ్లెంత, బసకు చావిడి ఉందా, బియ్యం దొరుకుతాయా. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ పని చేసిన ఆయనకు అలంకారాల మీద ధ్యాస లేదు. అందుకే ఆ పుస్తకం ఇవాళ కడప దారినో, హైదరాబాదు దారినో తవ్వి తీయాలనుకునే వాడికి ఏ అట్లాసుకూ తీసిపోదు. దక్షిణాన మదురై–తెంకాశి దారి మీద నడిచి అంత వివరంగా తెలుగులో రాసిపెట్టిన వీరాస్వామయ్య ఒకడు ఉండి ఉంటే ఎంత బాగుండేది! రాజపాళయం నుంచి కుర్తాళానికి, కుర్తాళం నుంచి శబరిమలకు తరతరాలుగా తెలుగు నోళ్లు ఈ దారి వంపులను చెప్పుకుంటూ పోయాయి. కాగితం మీద పడింది తక్కువ.

ఈమధ్య తిరుమంగళం నుంచి రాజపాళయం పొలిమేరలోని తెర్కు వెంగనల్లూరు దాకా నాలుగు వరసల కొత్త రోడ్డు పని చేపట్టారు. కొత్త గీత ఊళ్లను తప్పించుకుని, వంపులను తెగ్గొట్టుకుని పోతుంది. దీనిమీద కన్నీళ్లు పెట్టుకోవాలని నాకు లేదు. శ్రీవిల్లిపుత్తూరు రథవీధి పక్కన లారీ హారన్లు వినని రోజు వస్తే ఆండాళ్ కూడా సంతోషిస్తుంది. అదీగాక కొత్త రోడ్డు పడితే పాత రోడ్డు బతుకుతుంది. లారీలు తప్పుకున్న పాత రోడ్డు మీద మళ్లీ సైకిళ్లు, మేకలు, ఎండబెట్టిన చింతపండు వస్తాయి. కొల్లం వైపు పునలూరులో అదే జరిగింది. కల్లడయారు మీద 1877లో కట్టిన వేలాడే వంతెన ఒకప్పుడు ఈ దారి మొత్తాన్నీ మోసింది. పక్కన కాంక్రీటు వంతెన రాగానే దానికి బండ్ల బెడద తీరి, ఇవాళ నడిచేవాళ్లది మాత్రమే అయింది. గొలుసుల కింద నిలబడి ఏటిని చూడడానికే జనం వెళ్తారు. బరువు దిగాక దారికి అందం వచ్చింది.

సేత్తూరు నుంచి దక్షిణపు ముక్కను చూడదలచినవాళ్లకు ఒక మాట. రాజపాళయం పాత బస్‌స్టాండులో తెంకాశి పోయే టౌనుబస్సో, మఫస్సిల్ బస్సో పొద్దున్నే ఎక్కండి, ఎక్స్‌ప్రెస్ వద్దు. కుడివైపు కిటికీ పట్టుకోండి. దక్షిణానికి పోతుంటే కొండలు కుడిచేతి వైపు ఉంటాయి, పొద్దుటి ఎండ నేరుగా వాటి మొహాన పడి ఒక్కో మడతా విప్పి చూపిస్తుంది. సేత్తూరులో దిగితే జి/7 పలక చేతిలో ఉంచుకోండి. శివగిరి దాకా పోయేట్టయితే దారి నైరుతి వదిలి దక్షిణానికి ఒంగడం మొదలుపెట్టే చోట సూర్యుడు కిటికీ మారడం గమనించండి, పటంలో గీత వంగిన చోటా బస్సులో నీడ జరిగిన చోటా ఒకటే. శివగిరి దాటాక మాత్రం జి/8 కావాలి, అది మరిచిపోయి వెళ్లినవాడు వాసుదేవనల్లూరు బయట కాగితం అయిపోయి నిలబడిపోతాడు.